సీటు కింద సత్యభామ

"పెట్ అంటే ఏంటి మేడమ్, కుక్కా? పిల్లా?"

"పురుగు."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా, "మా ఫ్లైట్‌లో పురుగు కనిపించిందని కంప్లైంటా మేడమ్?" అని అడిగాడు.

కంప్లైంట్ కాదు, నా పురుగుని నేనే వెంట తీసుకెళ్తాను, పర్మిషన్ కావాలి అని అతనికి ఎక్కించేసరికి ఎనిమిది నిమిషాలు పట్టింది. లైన్‌లో ఉండమని మ్యూజిక్ పెట్టి వెళ్లాడు. తిరిగొచ్చి, "మా లిస్టులో పురుగు లేదు మేడమ్" అన్నాడు. లేదంటే కుదరదనా, లేక ఇంతవరకూ ఎవరూ అడగలేదనా అంటే ఆ సంగతి అతనికీ తెలీదు.

ఆ పురుగు పేరు సత్యభామ. ఇంగ్లీషులో ప్రేయింగ్ మాంటిస్ అంటారే, అది. మనలో కొందరు దీన్ని గొల్లభామ అంటారు. ఇంకొందరికి గొల్లభామ అంటే మిడత. ఈ తగువు నేను తీర్చలేను గానీ, భామ అన్న ముక్క మాత్రం దీనికి అతికినట్టు సరిపోయింది. మనం ఎటు వెళ్తే అటు మెడ తిప్పి ఓరగా చూస్తుంది. నచ్చని ఈగ పెడితే ముందరి కాలితో పక్కకి నెట్టి, మొహం అటు తిప్పుకుంటుంది. ఆ అలక చూశాక ఇంకో పేరు పెట్టబుద్ధి కాలేదు.

జాతి హీరోడ్యూలా. లేత ఆకుపచ్చ ఒళ్లు, ముందరి కాళ్ల లోపలివైపు రంపం పళ్లలాంటి ముళ్లు. నా దగ్గరికి వచ్చినప్పుడు వేలిగోరు పొడవు కూడా లేదు. ఏడుసార్లు కుబుసం విడిచి, ఈ కథ జరిగేనాటికి నా చూపుడువేలిని దాటింది. ఇంకొక్కసారి విడిస్తే రెక్కలొస్తాయి. ఆ ఒక్కసారే నా ప్రాణం మీదకి తెచ్చింది. ఆ సంగతికి వస్తాను.

ఉద్యోగం వేరే ఊరికి మారింది. సామాను లారీలో వెళ్లిపోయింది. దాన్ని లారీ ఎక్కించలేను. రోడ్డు మీద రెండు రోజులు, ఎండలో మూసి ఉన్న బండి లోపల ఎంత వేడెక్కుతుందో తెలిసిందే. విమానమైతే రెండుగంటల నలభై నిమిషాలు. ఎవరికైనా ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. పురుగంటే ముచ్చటపడే ఫ్రెండ్స్ ఉన్నారు గానీ, రోజు విడిచి రోజు బతికున్న ఈగని పట్టకారుతో పట్టుకుని పెట్టాలి అనేసరికి అందరికీ అర్జెంటు పనులు గుర్తొచ్చాయి.

అమ్మకి ఫోన్లో చెప్పాను.

"ఏమే, పురుక్కి కూడా టికెట్ కొంటావా?"

"టికెట్ అక్కర్లేదమ్మా. పర్మిషన్ కావాలి."

"అయితే బ్యాగులో పడెయ్. ఎవడు చూడొచ్చాడు?"

పురుగుల్ని పెంచేవాళ్లలో సగంమంది చెప్పే సలహా కూడా ఇదే. అడిగితే వద్దంటారు కాబట్టి అడక్కు. నేను ఈ విషయంలో అమ్మ మాట వినలేదు. నీతి కోసం కాదు, భయం కోసం. బ్యాగు తనిఖీలో ఎవరో ఒకరు డబ్బా చూసి, ఏముందో తెలియక టక్కున మూత తీస్తే? అది ఎగిరి వాళ్ల చేతిమీద వాలితే? ముందే చెబితే అది "పాసింజర్ తెచ్చుకున్న పెట్". చెప్పకపోతే విమానంలో దొరికిన పురుగు. విమానంలో దొరికిన పురుగుకి పడే శిక్ష ఒక్కటే, చెప్పు దెబ్బ.

అందుకే నాలుగు ఫోన్లు, మూడు మెయిళ్లు. ఒక ఎయిర్‌లైన్ వాళ్లు కేబిన్‌లోకి కుక్కలూ పిల్లులూ తప్ప ఇంకేదీ రానివ్వమని సూటిగా చెప్పేశారు. అది నాకు నచ్చింది. ఇంకొకరు కార్గోలో వెయ్యమన్నారు. అది అస్సలు నచ్చలేదు. కార్గోలో వేస్తే డబ్బా ఎండలో ఎంతసేపు నిలబడుతుందో, చలిలో ఎంతసేపు ఉంటుందో మన చేతిలో ఉండదు. పైగా ఆ డబ్బా మీద ఎవరి సూట్‌కేస్ పడుతుందో! చివరికి ఒక చోట సూపర్‌వైజర్ ఆవిడ మెయిల్‌లో జవాబిచ్చింది. పారదర్శకంగా, గట్టిగా మూసి, కారకుండా ఉన్న డబ్బా అయితే చేతిసామానుగా తెచ్చుకోవచ్చు, తుది నిర్ణయం సెక్యూరిటీదీ కెప్టెన్‌దీ అని. ఆ మెయిల్ మూడు కాపీలు ప్రింట్ తీశాను. ఒకటి బ్యాగులో, ఒకటి జేబులో, ఒకటి డబ్బాకి చుట్టి రబ్బరు బ్యాండు వేసి.

అదే మెయిల్‌లో ఆవిడ ఇంకో మాట అడిగింది: ఈ జాతిని పెంచుకోవడానికీ, తీసుకెళ్లడానికీ చట్టప్రకారం అడ్డేమీ లేదు కదా అని. మంచి ప్రశ్న. నేను వెళ్తున్నది దేశం లోపలే, అదీ ఇక్కడి సొంత జాతే, కాబట్టి చిక్కు లేదు. సరిహద్దు దాటాల్సొస్తే మాత్రం నేను ఈ పని చెయ్యను. కొన్ని సీతాకోకచిలుకలూ పేడపురుగుల చుట్టాలైన కొన్ని పెద్ద కొమ్ము పురుగులూ సైటిస్ జాబితాలో ఉన్నాయి. సైటిస్ అంటే ముప్పులో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం. కాగితాలు లేకుండా వాటిని దేశం దాటించడం నేరం. అమెరికాలో అయితే ఆకులు తినే పురుగుని ఒక రాష్ట్రం నుంచి పక్క రాష్ట్రానికి తీసుకెళ్లాలన్నా మామూలుగా వ్యవసాయ శాఖ పర్మిట్ ఉండాలి. ఊరికే పెట్టిన రూలు కాదు. 1860లలో ట్రూవెలో అని ఒకాయన మసాచుసెట్స్‌లో తన ఇంటి దగ్గర యూరప్ నుంచి తెచ్చిన గొంగళిపురుగుల్ని పెంచాడు. పట్టు తీద్దామని సరదా. కొన్ని తప్పించుకున్నాయి. వాటి సంతానం ఈనాటికీ అక్కడి అడవుల ఆకులు మేస్తూనే ఉంది. మా సత్యభామ చుట్టాలది కూడా అదే కథ. చైనా మాంటిస్ 1896 ప్రాంతంలో ఫిలడెల్ఫియా దగ్గర కనిపించింది. ఇప్పుడు అక్కడిదే అయిపోయింది. పెంచుకునేవాడికి అది ముద్దుల పురుగే. తలుపు దాటితే దాని సంగతి వేరు.

ఇక అందరూ నన్ను భయపెట్టిన రెండు విషయాలు: ఎక్స్‌రే, ఎత్తు.

రెండూ ఒట్టి భయాలే. బ్యాగులు చూసే మెషీన్‌లో ఒక వస్తువుకి తగిలే రేడియేషన్ మామూలుగా ఒక మిల్లీరాడ్ లోపే. పురుగుని చంపడం సంగతి అటుంచండి, దానికి పిల్లలు పుట్టకుండా చెయ్యాలన్నా ఇంతకి లక్షల రెట్లు కావాలి. ఇది ఎలా తెలుసంటే, ఆ పని నిజంగానే చేశారు కాబట్టి. పశువుల పుండ్లలో గుడ్లు పెట్టే స్క్రూవర్మ్ ఈగని వదిలించుకోవడానికి, కోట్లకొద్దీ ఈగల్ని పెంచి, రేడియేషన్‌తో గొడ్రాళ్లని చేసి, అట్టపెట్టెల్లో నింపి విమానాల్లోంచి జారవిడిచారు. ఆ పద్ధతితోనే 1982 కల్లా అమెరికాలో దాని బెడద వదిలించుకున్నారు. అంటే మా సత్యభామ కంటే ముందే కోట్ల పురుగులు విమానమెక్కాయన్నమాట. ఎత్తు సంగతి ఇంకా తమాషా. భూమ్మీది నుంచి అంతరిక్షం అంచు దాకా వెళ్లొచ్చిన మొట్టమొదటి జంతువులు పురుగులే. 1947 ఫిబ్రవరి 20న వీ-2 రాకెట్‌లో పండ్ల ఈగల్ని 109 కిలోమీటర్లు పైకి పంపితే, పారాచూట్ మీద ప్రాణాలతో దిగాయి. మన కేబిన్‌లో గాలి ఒత్తిడి మహా అయితే ఎనిమిదివేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. ఊపిరితిత్తులు లేకుండా, ఒంటి పక్కనున్న సన్న రంధ్రాల్లోంచి గాలి తీసుకునే ప్రాణికి అదో లెక్క కాదు.

అయితే ఆ ఒత్తిడి తేడా డబ్బాకి లెక్కే. గాలి చొరకుండా బిగించిన మూత పైకి వెళ్లేకొద్దీ ఉబ్బుతుంది. చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చూసే ఉంటారు. మూత టప్పుమని ఊడితే ఇక చెప్పేదేముంది. అందుకే సూది కాల్చి మూతకీ పక్కలకీ ముప్ఫై చిల్లులు పెట్టాను.

పొడి గాలి కూడా లెక్కే. విమానంలో తేమ ఇరవై శాతం కంటే తక్కువే ఉంటుంది. రెండున్నర గంటలు మామూలు మాంటిస్‌కి ఇబ్బంది లేదు. కుబుసం విడిచేముందు ఉన్న మాంటిస్‌కి ఉంది.

నాకు నిజంగా నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఎవ్వరూ చెప్పనిది. దోమల మందు.

విమానం అంటేనే పురుగుల్ని చంపడానికి ఏర్పాట్లున్న బండి. ఇందులో వాళ్ల తప్పు లేదు. విమానాలతో పాటు దోమలు కూడా ఖండాలు దాటతాయి. అందుకే చాలా దేశాలు తమ దగ్గరికొచ్చే విమానాల్లో మందు కొట్టి తీరాలంటాయి. రెండు రకాలున్నాయి. ఒకటి మనకి కనిపించేది: తలుపులు మూశాకనో, దిగేముందో సిబ్బంది చేతిలో డబ్బా పట్టుకుని నడవా పొడుగునా స్ప్రే కొట్టుకుంటూ వెళ్తారు. రెండోది కనిపించనిది: పెర్మెత్రిన్ అనే మందుని కార్పెట్ మీదా, గోడలమీదా, సీట్ల కిందా ముందే పూస్తారు. అది సుమారు ఎనిమిది వారాల పాటు పనిచేస్తుంది. దాని మీద వాలిన దోమ చస్తుంది. చామంతి జాతి పువ్వుల్లో ఉండే పైరెత్రిన్‌ని చూసి తయారుచేసిన మందు ఇది. మనుషులకి పెద్దగా హాని లేదు. పురుగు నరాలకి మాత్రం ఆగని షాక్ కొట్టినట్టే.

దేశం లోపల తిరిగే ఫ్లైట్‌లో మామూలుగా స్ప్రే కొట్టరు. కానీ అదే విమానం పోయినవారం ఎక్కడికెళ్లొచ్చిందో నాకేం తెలుసు? మళ్లీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఈసారి ఒక అమ్మాయి.

"మీ విమానంలో పురుగుల మందు పూస్తారా అండీ?"

"కచ్చితంగా మేడమ్, మీరేం టెన్షన్ పడకండి. చాలా శుభ్రంగా ఉంటుంది."

టెన్షన్ అక్కడే మొదలైంది.

చివరికి నేను చేసిందేంటంటే, డబ్బాని దళసరి లంచ్‌బ్యాగులో పెట్టి, ఆ బ్యాగుని ఉతికిన కాటన్ తువ్వాల్లో చుట్టాను. విమానంలో దేన్ని తాకినా తువ్వాలే తాకాలి. దిగాక తువ్వాలు నేరుగా ఒక కవర్లోకి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే డబ్బా ముట్టుకోవాలి. శానిటైజర్ కాదు, సబ్బు. మా అక్క ఇది విని, "ఆపరేషన్ థియేటర్‌కి వెళ్తున్నావా, ఆఫీసుకి జాయినవడానికా?" అంది.

ఇంత చేసినదాన్ని, అసలు లెక్కలో తప్పాను.

మాంటిస్ కుబుసం విడిచే పద్ధతి చూసినవాళ్లకి నా కంగారు అర్థమవుతుంది. ఎక్కడో పైన, వలకో పుల్లకో వెనక కాళ్లతో తలకిందులుగా వేలాడుతుంది. వీపు మీద చర్మం చిట్లుతుంది. అందులోంచి మెత్తటి కొత్త ఒళ్లు మెల్లగా కిందకి జారుతుంది, తడి గుడ్డలోంచి చెయ్యి లాక్కుంటున్నట్టు. ఒక్కో కాలూ ఒరలోంచి కత్తి లాగినట్టు బయటికొస్తుంది. అరగంట పట్టొచ్చు. ఆ అరగంటలో డబ్బా కదిలి అది కింద పడిందా, మెత్తగా ఉన్న కాళ్లు వంకరగానే గట్టిపడతాయి. ఆఖరి కుబుసమైతే రెక్కలు కూడా విప్పుకోవాలి. అందుకు కిందకి వేలాడే చోటు, గాలిలో కాస్త తేమ, ఎవరూ ముట్టుకోకపోవడం కావాలి. విమానంలో ఈ మూడూ దొరకవు.

కిందటిసారి విడిచి పదహారు రోజులైంది. ఈ వయసులో మూడు వారాలకి తక్కువ పట్టదని నా అంచనా. అలా లెక్క వేసుకునే టికెట్ తీశాను. ప్రయాణానికి రెండురోజుల ముందు ఆఖరి మేత పెట్టడం కూడా లెక్క ప్రకారమే. కడుపు నిండుగా ఉన్న మాంటిస్ కిందపడితే పొట్ట పగిలే ప్రమాదం ఉంది. ఆ రోజు ఈగ పెడితే తీసుకోలేదు. ఇంకోటి పెట్టాను. ముందరి కాలితో నెట్టేసింది. అలక అనుకున్నాను.

ప్రయాణం ముందురోజు రాత్రి పదకొండింటికి టార్చి వేసి చూస్తే, వీపు మీది రెక్కల మొగ్గలు ఉబ్బి ఉన్నాయి. మొన్నటిదాకా ఒంటికి అతుక్కున్న ఆకు రెమ్మల్లా ఉండేవి. ఇప్పుడు నానబెట్టిన గింజల్లా ఉన్నాయి. అలక కాదు. ముహూర్తం దగ్గర పడింది.

టికెట్ మార్చడానికి లేదు. ఎల్లుండి జాయినవ్వాలి. మంచం మీద డబ్బా పెట్టుకుని, దాని ఎదురుగా కూర్చుని, ఇవాళ రాత్రే విడిచెయ్యవే తల్లీ అని బతిమాలాను. ఇవాళ విడిచినా పొద్దున్నకి రెక్కలు ఆరవు, అదింకో గండం. ఏం కోరుకోవాలో కూడా తెలియని పరిస్థితి.

నేను సిద్ధం చేసుకున్నది పొట్టి డబ్బా. అది ఎక్కువ దొర్లకుండా ఉండాలంటే ప్రయాణానికి ఇరుకు డబ్బానే మంచిది. కానీ దారిలో విడవడం మొదలెడితే ఆ డబ్బాలో వేలాడే చోటు లేదు. అందుకని రాత్రి పన్నెండింటికి వంటింట్లో ఉన్న లీటరు ప్లాస్టిక్ డబ్బా ఖాళీ చేశాను. మూత లోపలివైపు దోమతెర ముక్క వేడి జిగురుతో అతికించాను. అడుగున టిష్యూ దళసరిగా పరిచి, ఒక మూల కొంచెం తడిపాను. నీళ్లు ఎక్కువైతే గోడలు జారుడై పట్టు దొరకదు, తక్కువైతే కుబుసం ఒంటికి అంటుకుపోతుంది. మళ్లీ ముప్ఫై చిల్లులు. జిగురు వాసన పోవడానికి గంటన్నర ఫ్యాను కింద పెట్టి, అప్పుడు మార్చాను. మార్చినంతసేపూ నా వేలు పట్టుకుని వదల్లేదు. రెండింటికి పడుకున్నాను. పడుకున్నాను అంటే కళ్లు మూసుకున్నాను.

సెక్యూరిటీ దగ్గర క్యూలో ఉండగానే యూనిఫామ్‌లో ఉన్న ఒకావిడ దగ్గరికెళ్లి, మెయిల్ చూపించి, ఇందులో బతికున్న మాంటిస్ ఉంది, బెల్టు మీద పెట్టకుండా చేత్తో చెక్ చేస్తారా అని అడిగాను. ఎక్స్‌రేకి భయపడి కాదు. బెల్టు మీద డబ్బా ఒరిగి, వెనకాల బ్యాగు వచ్చి గుద్దుతుందని. ఆవిడ మెయిల్ రెండుసార్లు చదివింది. పై ఆఫీసర్‌ని పిలిచింది. ఆయన ఇంకొకరిని పిలిచాడు. ముగ్గురూ డబ్బా చుట్టూ తలలు పెట్టారు. సత్యభామ ముగ్గురినీ వంతులవారీగా చూసింది.

"కరుస్తుందా?"

"మామూలుగా మనల్ని కరవదు. విషం కూడా లేదు. వేలు పెడితే మాత్రం గిల్లుతుంది."

"ఎగురుతుందా?"

"ఇంకా రెక్కలు రాలేదు సార్." రేపో మాపో వస్తాయని చెప్పలేదు. అది అబద్ధం కాదనుకుంటాను.

మూత తీయొద్దని మాత్రం బతిమాలాను. పారదర్శకమైన డబ్బా కాబట్టి చుట్టూ తిప్పి చూశారు. ఒక చిన్న గుడ్డముక్కతో బయట తుడిచి, ఆ గుడ్డముక్కని మెషీన్‌లో పెట్టి చూశారు. డబ్బాని చేతిలోనే ఉంచుకుని మెటల్ డిటెక్టర్ దాటాను. ప్లాస్టిక్ కదా, కూత లేదు. యాభై మిల్లీలీటర్ల నీళ్ల స్ప్రే ఉంది, వంద లోపే కాబట్టి దాన్నీ వదిలారు. మొత్తం రెండు నిమిషాలు. వెళ్లేముందు ఆవిడ ఫోన్ తీసి, "ఒక ఫోటో తీసుకోవచ్చా? మా అబ్బాయికి చూపిస్తా" అంది. నాలుగు ఫోన్లు, మూడు మెయిళ్లు, మూడు ప్రింట్లు, రెండు నిమిషాలు.

విమానంలో బ్యాగుని పైన పెట్టలేదు. పైన పెడితే ఎవరో ఒకరు వచ్చి తమ సామాను కోసం నెట్టేస్తారు. ముందు సీటు కింద, నా రెండు పాదాల మధ్య పెట్టుకున్నాను. టేకాఫ్ అప్పుడు బ్యాగు మూత కాస్త తెరిచి చూశాను. ముందరి కాళ్లు దగ్గరికి ముడుచుకుని, దోమతెరకి వేలాడుతూ, అటూ ఇటూ మెల్లగా ఊగుతోంది. గాలికి ఆకు ఊగినట్టు. ఇంజన్ రొద దానికి పెద్ద బాధ కాదు. మాంటిస్‌కి ఉన్నది ఒక్కటే చెవి, అదీ ఛాతీ కింద, కాళ్ల మధ్య. గబ్బిలాలు చేసే సన్నటి అల్ట్రాసౌండ్ వినడానికి ఉన్న చెవి అది. ఇంజన్ గోల అంతా దానికి బాగా కింది శ్రుతి.

పక్క సీట్లో ఒక పెద్దాయన. నేను పదోసారి వంగేసరికి ఆగలేకపోయాడు.

"ఏంటమ్మా అది, పాపం ఇందాకట్నుంచీ చూస్తున్నావు?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, డబ్బా బయటికి తియ్యకుండా బ్యాగు తెరిచి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని వంగాడు.

"నన్నే చూస్తోందేంటమ్మా!"

"అలా అనిపిస్తుంది అంకుల్. ఆ నల్ల చుక్క కనుపాప కాదు."

మాంటిస్ కంట్లో ఒక నల్లటి చుక్క కనిపిస్తుంది. మనం ఎడమకి జరిగితే అదీ ఎడమకి జరుగుతుంది, కుడికి జరిగితే కుడికి. నిజానికి అక్కడ కదిలేదేమీ లేదు. ఆ కన్ను వేల చిన్న గొట్టాల గుత్తి. వాటిలో సరిగ్గా మనవైపు తిరిగి ఉన్నవి మన దిక్కు నుంచి వచ్చే వెలుగుని మింగేస్తాయి కాబట్టి నల్లగా కనిపిస్తాయి. ఆయన పక్కకి వంగి ఒకసారి, ఇటు వంగి ఒకసారి, మూడుసార్లు పరీక్ష చేశాడు. న్యూకాజిల్ యూనివర్సిటీవాళ్లు మాంటిస్‌లకి చిటికెనవేలి గోరంత త్రీడీ కళ్లజోడు తేనెమైనంతో అంటించి, అవి కూడా రెండు కళ్లతో లోతు చూడగలవని 2016లో చూపించారని చెబితే, "మా మనవడి కళ్లజోడు రెండు రోజులు నిలవదు, దానికి నిలిచిందా?" అన్నాడు.

నడుమ ఒకసారి విమానం గట్టిగా కుదిపింది. రెండు పాదాలతో బ్యాగుని ఒత్తి పట్టుకున్నాను. పెద్దాయన కూడా తెలియకుండానే తన కాలు అడ్డం పెట్టాడు. కుదుపు ఆగాక ఇద్దరం ఒకేసారి వంగి చూశాం. దోమతెర పట్టు వదల్లేదు. స్ప్రే ఎవరూ కొట్టలేదు. దిగేటప్పుడు ఆయన నాతో కంటే ముందు డబ్బాకి, "వస్తానమ్మా" అని చెప్పాడు.

తువ్వాలు కవర్లోకి, చేతులు సబ్బుతో, అన్నీ అనుకున్నట్టే. కొత్త ఇంట్లో ఇంకా మంచం కూడా లేదు. నేల మీద చాప, చాప పక్కన దాని గూడు. నాలుగోరోజు తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి చూస్తే, కుబుసంలోంచి సగం బయటికొచ్చి వేలాడుతోంది. లైటు వెయ్యలేదు. ఫోన్ వెలుగు చేత్తో కప్పి, చాప మీద బోర్లా పడుకుని చూశాను. ఒళ్లంతా బయటికొచ్చాక కాసేపు కదలకుండా ఉంది. తర్వాత తిరిగి పైకి పాకి, పాత తొక్క పక్కనే పట్టు దొరికించుకుంది. అప్పుడు రెక్కలు. నలిగిన టిష్యూ ఉండలా ఉన్నవి, ఒంట్లోని ద్రవం ఎక్కేకొద్దీ మడతలు విప్పుకుంటూ, తడిసిన లేతాకుల్లా కిందకి సాగాయి. ఎడమ రెక్క చివర మాత్రం చిన్న మడత మిగిలిపోయింది. ప్రయాణం వల్లనేమో, పొడి గాలి వల్లనేమో, అసలు ఊరికేనేమో. ఆ మడత చూసినప్పుడల్లా కార్గో కంటే నయమే కదా అని ఒక మనసు, టికెట్ రెండు వారాలు వాయిదా వెయ్యాల్సింది కదా అని ఇంకో మనసు. రెండోదే రైటని నాకు తెలుసు.

రెండు నెలల తర్వాత సెలవుకి ఇంటికి వెళ్లాను. సత్యభామని మళ్లీ విమానమెక్కించే పని పెట్టుకోలేదు. పై ఫ్లాట్‌లో ఉండే పదేళ్ల పిల్లాడికి పట్టకారు ఇచ్చి వెళ్లాను. వాడికి ఈగలంటే అసహ్యం లేదు. అమ్మ మాత్రం ఫోన్లో, "ఇంత చేశావు, దాన్నొకసారి చూపించవే" అంటుండేది. అందుకని దాని ఆఖరి కుబుసం తీసుకెళ్దామనుకున్నాను. గాజుకాగితంలాంటి తొక్క, కాళ్లూ ముళ్లూ కొమ్ములూ అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. విరగకుండా ఉండాలని దూది పరిచి, ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

ఆ అగ్గిపెట్టె దగ్గర నన్ను ఇరవై నిమిషాలు ఆపారు.